ఉప్పు నేలలో ఎర్తు తీగ

మా వీధి కరెంటు మేస్త్రి పోయాడని మొన్న పొద్దున్న నౌపడ స్టేషన్ దగ్గర చెప్పారు. గుండెపోటట. నేను మనవరాలి బారసాలకు మిఠాయి కొనుక్కుని వస్తున్నాను. బొద్దుగా, గుప్పిళ్లు బిగించుకుని పుట్టింది నా తల్లి! ఈ సంతోషం ఎవరి చలవో ఆ మనిషే లేడు. ఏడుపు కంటే ముందు నా మీద నాకే కోపం వచ్చింది.

మాది ఉప్పు మడుల పక్క వీధి. ఇల్లు కట్టినప్పుడు ఆయనే పెరట్లో గొయ్యి తీసి, ఇనప గొట్టం దింపి, దానికి ఎర్తు తీగ బిగించాడు. ఏటా ఒకసారి తవ్వి చూడాలనేవాడు.

"మన నేలంతా ఉప్పే కదేటి బావా! ఉప్పు నేల కరెంటుని ఇట్టే లాగేస్తాది, ఎర్తు దానంతటదే పనిసేస్తాది" అని నవ్వేవాణ్ణి.

"ఆ ఉప్పే ఇనుముని తినేస్తాది బావా. కరెంటుకి మనం దారి సూపకపోతే మనిసిలోంచి పోతాది."

వినలేదు. పైగా బండి పెట్టుకోవడానికని ఆ గొయ్యి మీద సిమెంటు పోయించాను. అంత తెలివి నాది!

రెండు నెలల కిందట, పురిటికొచ్చిన మా అమ్మాయి "నాన్నా, ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటన్నాది" అంది. "సెప్పులేసుకుని ముట్టుకో అమ్మా" అన్నాను. ఆ మాట గోడవతల మేస్త్రి విన్నాడు. గునపంతో వచ్చాడు. మెయిన్ ఆపి, నన్ను అడక్కుండానే సిమెంటు పగలగొట్టాడు. బయటికి తీసిన తీగ ఆయన చేతిలో పొడిపొడిగా రాలింది.

"కడుపుతో ఉన్న పిల్లకి సెప్పులా బావా మందు? నువ్వు తండ్రివేనా?"

గొట్టం మార్చాడు, రాగి తీగ వేశాడు, ఫ్రిజ్ లోపల తోలూడిన వైరు బాగుచేశాడు. నేనేమన్నానో తెలుసా? "నా సిమెంటు పాడుసేసినావు" అన్నాను. బారసాలనాడు అందరిలో చేతులు పట్టుకుని క్షమించమందామనుకున్నాను. ఆ రోజు రాకముందే పోయాడు.

నిన్న ఇల్లిల్లూ తిరిగాను, మీ ఎర్తు తవ్వి చూసుకోండని. "మనవరాలు పుట్టి తాతకి మతి పోయినాది" అని నవ్వారు. చివరింటి కోడలొక్కతే ఒప్పుకుంది. ఇవాళ మెయిన్ ఆపించి నేనే తవ్వాను. మోకాలి లోతులో తీగ దొరికింది. పచ్చగా ఏదో పట్టి ఉంది.

"బాగుందా మావయ్యా? ఉండనీమంటావా, మార్చీమంటావా?" అని ఆ పిల్ల చంటివాణ్ణి చంకనేసుకుని అడుగుతోంది. తడి మట్టిలో నిలబడి, తీగను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. నాకేం తెలుసు?