మేనమామ కత్తెర

నర్సమ్మ పోయింది. పోయిన వారం పెనుకొండ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసినాడు. "మీ అన్నకు నువ్వే మెల్లగా చెప్పమ్మా, తట్టుకుంటాడో లేదో" అన్నాడు. అన్న నా ఎదురుగానే కూర్చోని అన్నం తింటాండాడు. నేను ఫోన్ తీసుకపోయి ఆయన చెవికే పెట్టినాను. అన్న అంతా విన్నాడు. తట్టలో అన్నం ముగించి, చేయి కడుక్కోని, అప్పుడు ఏడ్చినాడు.

ఆమె మాకు చుట్టం కాదు. తొంభైలలో, ఆ తర్వాత పదేండ్లూ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మనసు జబ్బు వచ్చినోళ్ళ ఇండ్లకు తిరిగిన నర్సు. ఏదైనా ఆసుపత్రిలో ఉండింటే నీడపట్టున బతికిపోయేది. ఆమె మాత్రం భుజాన సంచి, చేతిలో నల్లగొడుగు పట్టుకోని, బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. "పిచ్చోళ్ళ నర్సు వస్తాండాది" అని అంగడికాడ కూర్చున్నోళ్ళు నగేవాళ్ళు. ఒకనాడు నిలబడి చెప్పింది: "అవునప్పా, పిచ్చోళ్ళ నర్సునే. మంచోళ్ళను చూసేదానికి శానామంది ఉండారు." గొంతులో కోపం లేదు. వాళ్ళకు అదే ఎక్కువ మండింది.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. అన్న నేసిన పట్టుచీర అంచు చూసి మా వీధిలో పెద్దోళ్ళే మెచ్చుకునేవాళ్ళు. ఇరవై దాటినాక ఆయనకు ఎవరూ లేనిచోట మాటలు వినబడేది మొదలైంది. నిద్ర పోయింది. మగ్గం దిగిపోయినాడు. నాయన తాయెత్తులు కట్టించినాడు, దర్గాలకు తిప్పినాడు, అలిసిపోయి వెనక గదిలో పెట్టి గడియ వేసినాడు. వచ్చినోళ్ళంతా "మీవాడెట్లుండాడు?" అని మమ్మల్నే అడుగుతారు. ఆయన కిటికీలోనుంచి వింటానే ఉంటాడు.

నర్సమ్మ మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ చాప వేసి కథంతా చెప్పబోయింది. "ఉండమ్మా" అని గడియ తీయించి, లోపలికి పోయి అన్న పక్కన నేలమీద కూర్చుంది. "ఏమప్పా, తిన్నావా?" అంది. అన్న పలకలేదు. మేము గడప కాడనుంచి జవాబు చెప్పబోతే చేయెత్తి ఆపింది. కాచుకోని కూర్చుంది. చానాసేపటికి అన్న నోరు తెరిచి, "ఈళ్ళింట్లో చారు చప్పగుంటాది" అన్నాడు. ఎన్ని నాళ్ళకో ఆయన మాట విని అమ్మకు ఏడుపూ నగువూ ఒకటేసారి వచ్చినాయి.

"మనిషి ఎదురుగా ఉండాడు గదా, ఆయప్పనే అడగాల." ఇది నర్సమ్మ మాట. డాక్టరు కాడికి పోయేముందు కూడా, వస్తావా అని అన్ననే అడిగి పిల్చుకోని పోయింది. మాత్రలు మొదలైనాయి. మధ్యలో మానేసినాడు, తిరగబెట్టింది, ఆమె మళ్ళీ వచ్చింది. తిట్టలేదు, మళ్ళీ మొదటినుంచి పట్టుకుంది. కొన్నాళ్ళకు మా ఇంట్లో మగ్గం చప్పుడు వినబడింది.

ఈలోగా నాకు రొద్దం పక్క పల్లెలో పెండ్లయింది, బిడ్డ పుట్టింది. పుట్టెంటికలు తీసేటప్పుడు బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాల, మొదటి కత్తెర ఆయనే వేయాల. మా అత్తకు భయం పట్టుకుంది. "పిచ్చోని చేతికి కత్తెరిస్తే బిడ్డ గతేం గాను? మీ చిన్నాయన కొడుకుతో వేయిద్దాం" అంది. "మా అన్న వేయకపోతే నా బిడ్డకు జడలు కట్టినా సరే, వెంట్రుక తీయనియ్యను" అన్నాను. కడకు గుడిలో దినమైతే పెట్టినారు, కత్తెర ఎవరిదనేది తేలలేదు.

ఆ దినానికి నేను నర్సమ్మను పిలిపించినాను. గుడికాడ అందరూ ఆమెను చుట్టుకున్నారు. "నువ్వే చెప్పమ్మా, ఈయప్పకు కత్తెరియ్యొచ్చునా?" అన్నారు. పర్వాలేదు అని ఆమె ఒక్కమాట అంటే నా బతుకు గట్టెక్కుతుందని నేనూ ఆమె మొగం చూస్తాండాను. ఆమె అనలేదు. గొడుగు మడిచి పక్కన పెట్టి, "ఆయప్ప ఈడే ఉండాడు. ఆయప్పనే అడగండి" అంది.

ఎవరూ అడగలేదు. మంగలాయన కత్తి నూరేది ఆపినాడు. కడకు మా అత్తే ముందుకొచ్చి, "ఏమబ్బా, చేయి గట్టిగా ఉంటాదా?" అంది.

"ఉండదత్తా. మాత్రలకు వణుకుతాది" అన్నాడు అన్న. "నువ్వు కొంచెం పట్టుకో."

అత్త ఆయన మణికట్టు పట్టుకుంది. ఇద్దరి చేతులతో నా కూతురి మొదటి వెంట్రుకలు తెగినాయి. నర్సమ్మ పోయి భోజనాల వరసలో కూర్చుంది.

ఆమెను మట్టి చేసే దినం పొద్దున్నే అన్న ఇంట్లో లేడు. వెతికి వెతికి, నేను ఒక్కదాన్నే పెనుకొండ పోయినాను. సమాధుల తోటలో పాస్టరు ప్రార్థన చేస్తాంటే వచ్చినాడు. నున్నగా గుండు కొట్టించుకున్నాడు. అందరి చూపూ ఆయన మీదే. నా పక్కనున్న పెద్దామె, నర్సమ్మ చుట్టమే, నా చెవిలో అడిగింది: "ఆయప్ప ఎందుకు గుండు చేయించుకున్నాడు? బాగుండాడా?"

"ఈడే ఉండాడు గదమ్మా" అన్నాను. "ఆయప్పనే అడుగు."

ఆమె మొగం తిప్పుకుంది. అడిగింది నర్సమ్మ తమ్ముడు. దగ్గరికొచ్చి, అన్న మొగంలోకి చూసి, "మాలో ఈ పద్ధతి లేదు గదప్పా" అన్నాడు.

"మాలో ఉండాది" అన్నాడు అన్న. "అమ్మ పోతే తీయిస్తాము."

ఎండ నడినెత్తికి వచ్చింది. నర్సమ్మ తమ్ముడు తన చంకలో ఉన్న ఆమె నల్లగొడుగు తెరిచి, మట్టి వేసినంతసేపూ మా అన్న గుండు మీద పట్టుకోని నిలబడినాడు.