మా ట్యాక్సీకి లారీ బ్యాటరీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే మధ్యలో నేనుండాల్సిందే. బొంబాయి కామాటిపురాలో ఖోలీ అనే ఒకే ఒక్క గదిలో అందరం సర్దుకుని బతికేవాళ్లం. అయినా మా అమ్మ పెద్దనాయినతో నేరుగా మాట్లాడేది కాదు. భర్త అన్న ఎదుట తల మీద కొంగు వేసుకోవాలి, ఆయనతో మాట కలపకూడదు. పాలమూరు నుంచి మూటాముల్లెతో పాటు ఈ పద్ధతిని కూడా మోసుకొచ్చారు మావాళ్లు. ఏదైనా చెప్పాలంటే అమ్మ "మీ పెద్దనాయినకు చెప్పు బిడ్డా" అని నాతో అనేది. పక్కనే కూర్చున్న ఆయన అంతా విని, జవాబు కూడా నాకే చెప్పేవాడు. ఇటు తిరిగి, అటు తిరిగి నాకు మెడ పట్టేసేది. ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి కదా, మధ్యలో నా ప్రాణం ఎందుకు తీస్తారని విసుగొచ్చేది.

మా నాయిన పాత ట్యాక్సీ నడిపేవాడు. దాని బ్యాటరీ చచ్చిపోయింది. పొద్దున పనికి పోయే ముందు గల్లీలోని మగవాళ్లంతా తోసి స్టార్టు చేసిపెట్టేవాళ్లు. అలాగే నెట్టుకొచ్చేవాళ్లమేమో గానీ, పక్కింటి అక్కకు నెలలు నిండాయి. ఆమె మొదటి కాన్పప్పుడు ఆమె భర్త గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఎంత బతిమాలినా ఒక్క ట్యాక్సీవాడూ మా గల్లీకి రాలేదు. వేశ్యావాడగా పేరుపడ్డ మా పేట పేరు వినగానే మొహం తిప్పుకుని పోయారట. ఆస్పత్రికి చేరేసరికి బిడ్డ దక్కలేదు. ఈసారి మా బండిలో తీసుకెళ్తానని నాయిన ఆమెకు మాటిచ్చాడు. మగవాళ్లంతా పనుల్లో ఉన్న వేళ నొప్పులొస్తే బండిని తోసేదెవరు? అందుకని కొత్త బ్యాటరీ కొనక తప్పలేదు.

ఇక చూడండి మావాళ్ల హడావుడి. గదికో కుటుంబం ఉండే మా చాల్‌లో ఏం కొనాలన్నా నలుగురూ కూర్చోవాలి, పెద్దమనిషి మాట మీద తేల్చాలి. అన్న ముందు నోరెత్తని మా నాయిన తప్ప అందరూ భవనాలు కట్టే పనివాళ్లే. కారు సంగతి ఒక్కరికీ తెలియదు, ఒక్కరూ నోరు మూసుకోరు. రోజూ కాంట్రాక్టరు లారీ ఎక్కి పనికి పోయే మా పెద్దనాయిన, అంత లారీని కదిలించే బ్యాటరీ ఈ డబ్బా కారును కదిలించదా అని తేల్చేశాడు. మర్నాడే లారీ బ్యాటరీ మోయించుకొచ్చాడు. దానికి పసుపు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. తీరా చూస్తే అది బండిలో పట్టలేదు.

మరొకరైతే వాపసు ఇచ్చి వచ్చేవాళ్లు. మావాళ్లు కింద చెక్కముక్క పెట్టి, వెదురు పరంజాలకు కట్టే కొబ్బరితాడుతో దాన్ని బిగించేశారు. పెద్ద పెద్ద భవనాల మీద మనుషుల్ని మోసిన ముడి అది, ఈ బ్యాటరీ ఎంత అని ధీమా. బానెట్ మూతపడకపోతే దాన్నీ తాడుతోనే కట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

బండి స్టార్టయితే అయింది. ఫాక్‌లాండ్ రోడ్డులో గుంతలో పడి ఎగరగానే బానెట్ రేకు బ్యాటరీ కొనలకు తగిలి నిప్పురవ్వలు లేచాయి, పొగ కమ్ముకుంది. నాయిన ఎలాగో తాడు కోసి, తీగలు ఊడబెరికి, బండిని తోయించుకుంటూ ఇంటికి వచ్చాడు. వచ్చి అన్నతో ఒక్క మాట అంటే ఒట్టు. తనను బొంబాయికి తెచ్చి దారి చూపిన అన్న, నలుగురి ముందు కొబ్బరికాయ కొట్టించి పెట్టిన వస్తువు. దాన్ని తీసి పక్కన పెడితే అన్న పరువు తీసినట్టేనట. పెద్దనాయినేమో రేపు ఇంకో ముడి గట్టిగా వేద్దామన్నాడు. నాయిన తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

ఆ సాయంత్రం అమ్మ అందరికీ చాయ్ పోసింది. కొంగు సరిచేసుకుని నన్ను దగ్గరకు పిలిచింది.

"మీ పెద్దనాయినకు చెప్పు బిడ్డా. బ్యాటరీ మంచి బలమున్నదే తెచ్చిండు. ఆ పిల్లకు నొప్పులొచ్చిన్నాడు నేను ఎనక సీట్ల ఆమెను పట్టుకొని కూసుంట. మల్ల పొగలొస్తె దించనీకి ఇంకో మనిషి కావాలె. పెద్దనాయిన ముందట కూసుంటడా అడుగు."

నేను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. పెద్దనాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మరి ఏం చేద్దామంటుందో మీ అమ్మనే అడుగు అన్నాడు.

"రవిక కుట్టియ్యాలంటె ఆది రవిక తీస్కపోతం గద. పాత బ్యాటరీని దుకాణంకు తీస్కపోయి చూపియ్యమను. గంతే పొడుగు, గంతే ఎడల్పు ఉండాలె, తీగలు తగిలిచ్చే కొనలు గదే దిక్కుకు రావాలె. లారీ బ్యాటరీని కాంట్రాక్టరు తన లారీకి కావాలని అడిగితె పెద్దనాయిన ఇచ్చేసిండని మేం అందరికి చెప్తం."

మర్నాడు పెద్దనాయినే పాత బ్యాటరీని భుజాన వేసుకుని వెళ్లి, దానికి సరిజోడు తెచ్చాడు. అది దాని చోట్లో చక్కగా కూర్చుంది. తాడు అవసరం లేకపోయింది. ఆ తర్వాత ఆయన గల్లీ అంతా తిరిగి, కారుకు కారుదే వెయ్యాలి, లారీది ఎట్లా పనికొస్తుందని అందరికీ పాఠాలు చెప్పాడు. పైగా, కాన్పు దగ్గరపడిందని నాయిన గల్లీలోనే ఆపి ఉంచిన బండి దగ్గర, నడుము నొప్పి అని పని మానేసి బీడీలు కాలుస్తూ కూర్చున్నాడు. నేను పళ్లు నూరుకున్నాను. చెప్పింది నువ్వు, పేరు ఆయనకా అని అమ్మను నిలదీశాను. అమ్మ నా నెత్తిన నూనె రాస్తూ, "పేరుతోని నాకేం పని బిడ్డా? ఆ పిల్ల ఒడి నిండాలె" అంది.

ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులొచ్చాయి. నాయిన, పెద్దనాయిన తప్ప గల్లీలో మగవాళ్లెవరూ లేరు. నాయిన తాళం తిప్పగానే బండి అందుకుంది. అమ్మ వెనక సీట్లో అక్కను పొదివి పట్టుకుంది. అప్పుడు ముందు తలుపు తీసుకుని పెద్దనాయిన ఎక్కి కూర్చున్నాడు. నడుము నొప్పి లేదు, ఏమీ లేదు. అమ్మ అడిగిన మాటకు ఆయన అన్ని రోజులూ అక్కడే కాచుకుని ఉన్నాడని నాకప్పుడు తెలిసింది. అక్కకు ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు.

ఇప్పుడు మా అబ్బాయి పాత కారుకు బ్యాటరీ కొనాలని ఫోను ముందేసుకుని, పెద్దదైతే ఎక్కువ రోజులొస్తుందమ్మా అని నాకు చెబుతున్నాడు. నాకు మా అమ్మంత ఓపిక ఎక్కడిది, నాలుగు తిట్టాను. కానీ ఎవరైనా ఒక మాట పట్టుకుని ఎంతకీ వదలకపోతే, అది తప్పని వాదించడం మాత్రం ఎప్పుడో మానేశాను. సరే, దాంట్లో నువ్వు కూర్చుంటావా అని అడుగుతాను. చాలామంది మాట మార్చేసి లేచిపోతారు. మా పెద్దనాయిన వచ్చి కూర్చున్నాడు. అందుకే ఆయన మీద ఎంత కోపం తెచ్చుకున్నా, అది చివరిదాకా నిలవదు నాకు.