కాలవ గట్టు మీద స్విట్జర్లాండ్ టైము

ఎనభైల్లోని నా డైరీలు తీసి చూస్తే ప్రతి పుటలోనూ పైన కుడి మూలన ఒక అంకె కనిపిస్తుంది. ప్లస్ పదకొండు. మైనస్ నాలుగు. ప్లస్ ఆరు. మా మనవరాలు అది చూసి, అప్పట్లో నాకేదో జబ్బు ఉండేదనుకుంది. ఒక రకంగా నిజమే. ఆ రోజు నా చేతి వాచీ రేడియో టైముకంటే ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని సెకన్లు వెనకుందో రాసుకున్న అంకెలవి.

అప్పుడు నేను మాచర్ల వైపు ఒక కాలవ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్ని. ఏ రైతు వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూసి, తూము తిప్పించడం నా పని. అందుకు ఒక వాచీ చాలు. నా దగ్గర మూడు ఉండేవి. కొన్నప్పుడల్లా డైరీలో కారణం రాసుకున్నాను. మొదటిదానికి, ‘ఉద్యోగ అవసరం’. రెండోదానికి, ‘మొదటిది రిపేరుకు వెళితే ఇబ్బంది’. మూడోది స్విట్జర్లాండ్‌ది. దుబాయి నుంచి వచ్చిన ఒకాయన అమ్ముతున్నాడని నరసరావుపేటలో వాచీలు బాగుచేసే సాయిబు చెబితే కొన్నాను. దాని కింద, ‘రెండూ ఒకేసారి రిపేరుకు వెళితే’ అని ఉంది. ఈ కారణం మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

“రెండూ చెడిపోతే గోడ గడియారం ఉందిగా. అదీ చెడిపోతే పక్కింటి వదినను అడిగి చెబుతాలెండి” అంది.

అసలు కారణం నేను రాయలేదు. సాయిబు ఒకసారి వాచీ వెనక మూత తీసి, తన కంటి అద్దం నాకిచ్చి చూడమన్నాడు. గోరంత చోటులో బుల్లి చక్రం ఒకటి అటూ ఇటూ ఊపిరి పీలుస్తున్నట్టు ఆడుతోంది. దాని పక్కన పళ్ళ చక్రాలు, ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా, తమ తమ వంతు వచ్చినప్పుడే కదులుతున్నాయి. రోజంతా కాలవ మీద వంతుల కోసం కొట్టుకునే మనుషుల మధ్య తిరిగేవాణ్ణి. లోకంలో ఇలా నడిచేది ఒకటైనా ఉందనీ, అది నా చేతికే ఉండాలనీ అనిపించింది. ఖరీదైన వాచీలు కొనేవాళ్ళు ఏవేవో చెబుతారు గానీ, చాలామంది ఇలాంటి ఆశతోనే కొంటారని నా అనుమానం.

స్విట్జర్లాండ్ వాచీ ఇచ్చేటప్పుడు సాయిబు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. “దీనికి కీ తిప్పే పన్లా సార్. చెయ్యి ఆడుతుంటే అదే నడిచిద్ది. ఆడకపోతే నిలబడిద్ది. బాగా వాడండి, దాచబాకండి.”

నేను సరిగ్గా దీనికి తిరగేసి చేశాను. గీత పడుతుందని గోడకు దూరంగా నడిచేవాణ్ణి. దుమ్ము పడుతుందని వాచీ మీద జేబురుమాలు చుట్టేవాణ్ణి. బస్సులో కుడిచేత్తోనే కడ్డీ పట్టుకుని, ఎడమచేతిని చంటిబిడ్డలా రొమ్ముకు ఆనించుకునేవాణ్ణి. తూములు తిప్పే మా లస్కరు వారం రోజులు చూసి, ఇక ఉండబట్టలేక, “చెయ్యి ఇరిగిందా సార్?” అని అడిగాడు.

ఆ వారంలోనే వచ్చింది చివరి రైతు వంతు. కాలవ చిట్టచివర రెండెకరాలు ఆయనవి. వరి పొట్ట మీద ఉంది. ఆ తడి అందకపోతే సగం తాలే. ఎగువ పొలాలున్న పైరైతుల వంతు ఉదయం పది వరకు. పది నుంచి పన్నెండు వరకు ఆయనది. పన్నెండింటికి ఎగువన రెండు మైళ్ళ దూరంలో పెద్ద షట్టరు దించేస్తారు. మళ్ళీ ఆయన వంతు రావాలంటే వారం ఆగాలి.

పొద్దున రేడియోతో వాచీ సరిచూసుకుని బయల్దేరాను. గట్టు మీద కూర్చుని, ఎడమచేతిని జేబురుమాలుతో సహా మోకాలి మీద పెట్టి, కుడిచేత్తో రిజిస్టరు రాసుకున్నాను. చాలాసేపే రాసినట్టున్నాను. లేచి, రుమాలు విప్పి చూస్తే తొమ్మిదీ పది. సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతోంది.

కాసేపటికి చివరి రైతు వచ్చాడు. చేతికి నల్లటి ప్లాస్టిక్ వాచీ, ముళ్ళు లేకుండా అంకెలు కనపడే రకం.

“సారూ, నా వంతు వచ్చింది. తూము తిప్పించండి.”

“ఇంకా ముప్పావు గంట ఉందయ్యా.”

“అదేంది సార్? నా దాంట్లో పది దాటింది. నీడ చూడండి, ఎక్కడికొచ్చిందో.”

“నీడకూ నీ బొమ్మ వాచీకీ పొత్తు కుదిరిందా? ఇది స్విట్జర్లాండ్‌ది” అని చెయ్యి చాచి చూపించాను. అన్ని రోజుల్లో ఆ చెయ్యి అంత ధారాళంగా కదిలింది అప్పుడే.

పక్కనున్న పైరైతుల పెద్ద, ఊళ్ళో పలుకుబడి ఉన్నాయన, పంచె సర్దుకుంటూ అందుకున్నాడు. “ఒరేయ్, సారు వాచీ అబద్ధం చెప్పుద్దా? అంత దూరం నుంచి ఓడెక్కి వచ్చింది అబద్ధాలు చెప్పటానికా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నా వాచీలో పదయ్యాకే తూము తిప్పించాను.

నా వాచీలో పదకొండూ పది అయ్యేసరికి కాలవలో నీళ్ళు పడిపోయాయి. చివరి రైతు పొలంలో ఇంకా మూడు మళ్ళు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఆయన పార భుజాన వేసుకుని కాలవ వైపే చూస్తూ నిలబడ్డాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది, పెద్ద షట్టరు వాళ్ళ మీద. యాభై నిమిషాలు ముందే దించేశారని అక్కడికక్కడే ఫిర్యాదు కాగితం రాసి, సైకిలెక్కి రెండు మైళ్ళు తొక్కాను.

అక్కడ గోడ గడియారం, ఇద్దరు మనుషుల చేతి వాచీలు, అప్పుడే వార్తలు ముగిసిన రేడియో, అన్నీ ఒకే మాట మీద, నా వాచీకంటే యాభై నిమిషాలు ముందు ఉన్నాయి. షట్టరు మనిషి నా చేతి వైపు చూసి, “ఆ రుమాలు ఏంది సార్?” అన్నాడు. అప్పుడు తెలిసింది. నేను రిజిస్టరు రాస్తున్నంతసేపూ వాచీ నిలబడిపోయింది. లేవగానే మళ్ళీ నడిచింది. ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున మళ్ళీ పైరైతుల వంతు. అందులోంచి యాభై నిమిషాలు ఇప్పించగలిగితేనే ఆ మూడు మళ్ళు బతుకుతాయి. ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన నా మాట పూర్తిగా విని, చుట్ట పక్కన పెట్టాడు.

“ఇస్తాం సార్. ఇవ్వకేం. కానీ పొద్దున అందరి ముందూ మీరే చెప్పాల. రేపు ఎవడో వచ్చి, మేం వాడి నీళ్ళు దొబ్బేశాం అనకూడదు.”

ఇంటికెళ్ళి చెప్పాల్సిన మాటలు డైరీలో రాసుకున్నాను. ‘సాంకేతిక కారణాల వల్ల’ అని మొదలుపెట్టి మూడు వాక్యాలు వచ్చాయి. పొద్దున తూము దగ్గర ఇరవై మంది ఉన్నారు. ‘సాంకేతిక’ అనేసరికే పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టి, “ఏందీ?” అన్నాడు.

“నా వాచీ ఆగిపోయింది. నేను చూసుకోలేదు. తప్పు నాది” అన్నాను.

“స్విట్జర్లాండ్‌ది?”

“స్విట్జర్లాండ్‌దే.”

ఈసారి వాళ్ళు నవ్వుతుంటే నవ్వలేకపోయాను. ఒక్క చివరి రైతు మాత్రం నవ్వలేదు. ఆయనకు నా అవమానంతో పనిలేదు. లస్కరు తూము తిప్పగానే పార పట్టుకుని నీళ్ళ వెంబడి పరుగెత్తాడు.

వాచీ విప్పి జేబులో వేసుకున్నాను. చివరి మడి దాకా నడిచి వెళ్ళాను. నీళ్ళు నెర్రెల్లో చప్పుడు చేస్తూ దిగుతున్నాయి. కాసేపటికి మడి నిండినట్టే అనిపించింది. గట్టు మీద నుంచి లస్కరు, తూము మూసెయ్యనా అని చెయ్యి ఊపి అడిగాడు. ఎంతయిందో నాకు తెలియదు.

“టైమెంతయ్యా?” అని రైతును అడిగాను.

ఆయన బురద చేతిని లుంగీకి తుడుచుకుని, ప్లాస్టిక్ వాచీని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు.

“ఇంకా నాలుగు నిమిషాలుంది సార్. నిలబడండి.”

నిలబడ్డాను.