చర్చి జరిగిన దూరం

అంకుల్ పోయారని ఆయన పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. పొద్దున టీ పెట్టుకుంటూ కూలిపోయారట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మునిసిపాలిటీ వాళ్లు తవ్వడానికి వస్తామన్న రోజుకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. నాలుగు వేసవులు ఆగిన మనిషి ఆ తొమ్మిది రోజులు ఆగలేకపోయారు.

ఆయన విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో రిటైరై, గంటన్నర దూరంలోని ఒక పల్లెలో చవగ్గా ఇల్లు కొనుక్కున్నారు. ఈ దేశంలో తొలినాళ్లలో చమురు తోడిన ఊళ్లలో అదొకటి. చేత్తో బావులు తవ్వి, లోపల చెక్కలు పేర్చి తోడారు. రాత్రికి రాత్రి హోటళ్లు, సారా కొట్లు వెలిశాయి. చమురు తగ్గగానే జనం మూటలు కట్టారు. పోతూ పోతూ బావులు పూడ్చనైనా లేదు. నోటికి అడ్డంగా దుంగలు పరిచి, పైన మట్టి కప్పేసి పోయారు. ఆ దుంగలు ఇప్పుడు కుళ్లుతున్నాయి. వాటి మీద లాన్లు పచ్చగా ఉన్నాయి.

అంకుల్ దగ్గర ఒక పాత మ్యాప్ జిరాక్స్ ఉండేది. తన వీధిలో ఒక బావి, చర్చి మూల నుంచి ఇన్ని అడుగులని అందులో గుర్తు. శనివారం వస్తే నా చేత టేపు కొస పట్టించి, తన లాన్‌లో ఇనుప కడ్డీ దిగ్గొట్టేవారు. రెండు వేసవులు అదే పని. తగిలినవన్నీ రాళ్లే.

నేనేమో చమురు కంపెనీల మీద కరపత్రాలు చదివి ఊగిపోయేవాణ్ణి. నా ఉపన్యాసం విని, "బాగా చెప్పావబ్బాయ్. టేపు వదలకు," అనేవారు. ఒళ్లు మండేది.

మూడో వేసవిలో ఒకరోజు అరిచేశాను. "సిస్టమే కుళ్లిపోయింది అంకుల్! మీరేమో ఒక్క బావి పట్టుకుని కూసున్నరు. వాళ్లకు ఈ ఊరంటే లెక్క ఉండెనా? అడ్డమొచ్చిందని మీ చర్చిని కూడా దుంగల మీద దొర్లించి వీధి అవతలికి గుంజిండ్రు!"

ఆయన టేపు కింద పెట్టేశారు. "చర్చిని జరిపారా? నీకెవరు చెప్పారు?"

"కరపత్రంలనే ఉంది. వచ్చిన కొత్తల చదివిన."

"ఒరే! చర్చి ఎక్కడికి పోతుందిలే అని నేను దాన్ని పట్టుకుని కొలుస్తుంటే, పక్కనే నిలబడి చూస్తావా? చదివింది తిట్టడానికేనా, దేనికైనా పనికొస్తుందా?"

మొన్న జ్ఞాపకార్థ ప్రార్థన కూడికలో అందరూ ఆయన ఎన్నడూ గొంతెత్తలేదన్నారు. ఎత్తారు. నా మీద. ఎత్తాల్సిందే.

మ్యాప్ గీసిన నాటి చర్చి పునాది రాళ్లు వెతికి పట్టుకుని, అక్కణ్ణుంచి మళ్లీ కొలిచాం. టేపు పక్కింటామె పెరట్లో, ఉయ్యాల కింద ఆగింది. ఆమె మనవలిద్దరూ దాని మీదే ఊగుతున్నారు.

"మొన్నటిదాకా నీ లాన్‌లో ఉందన్నావు. ఇప్పుడు నా లాన్‌లోకి నడిచొచ్చిందా?" అని ఆమె ఇంగ్లిష్‌లో వెక్కిరించింది.

అంకుల్ వాదించలేదు. "ఉయ్యాల నా పెరట్లో పెట్టుకుంటాను. పిల్లలు ఇటొచ్చి ఊగుతారు. నా మాట తప్పయితే నేనే తెచ్చి పెడతాను," అన్నారు. ఆమె గొణుక్కుంటూ ఒప్పుకుంది. విప్పి మోసింది నేనే. మునిసిపాలిటీకి ఉత్తరాలు, ఫోన్లు మాత్రం ఆయనవి. 'పెండింగ్' అన్న మాట దాదాపు ఏడాది విన్నారు. నాకైతే ఆ ఆఫీసు అద్దాలు పగలగొట్టాలనిపించేది. ఆయన ప్రతి సోమవారం ఫోన్ చేసి, ముందు వాళ్ల క్షేమం అడిగేవారు!

చెప్పిన రోజుకే, అంకుల్ పోయిన తొమ్మిదో రోజున, మునిసిపాలిటీ వాళ్లు వచ్చారు. మూడడుగులు తవ్వి మిషన్ ఆపారు. దుంగలు. పైదాన్ని గొలుసుతో లేపుతుండగానే మధ్యకు విరిగి, సగం లోపలికి పోయింది. కాసేపటికి గానీ నీళ్ల చప్పుడు రాలేదు. పక్కింటామె నా మోచేయి పట్టుకుంది, ఇక వదల్లేదు. మిగిలిన సగం గొలుసుకు వేలాడుతూ మెల్లగా తిరుగుతోంది. దాని కొస నుంచి నల్లటి చుక్కలు, ఒక్కొక్కటిగా, గడ్డి మీద పడుతున్నాయి. కంచె అవతల పిల్లలిద్దరూ ఊగడం ఆపి, కాళ్లు నేలకు ఆనించి చూస్తున్నారు.