పాడుబెట్టిన ఇల్లు

మొన్న కొత్తగూడ చౌరస్తా దగ్గరి ఆస్పత్రిలో డాక్టరమ్మ నా రక్తపరీక్ష రిపోర్టు ముందు పెట్టుకొని, ప్రతి మనిషి కణాల్లోనూ పీ53 అనే జన్యువు ఉంటుందనీ, అది తయారుచేసే ప్రోటీను మిగతా జన్యువులకు ఆజ్ఞలిచ్చి చెడిన కణాన్ని పెరగకుండా ఆపుతుందనీ, మా వంశంలో ఆ కాపలాయే పుట్టుకతో లోపంగా వస్తోందనీ ఓపికగా చెబుతుంటే, నాకు భయం కూడా వేయలేదు. కీమోలతో అలసిన ఒంటికి భయపడే ఓపిక ఎక్కడుంటుంది లెండి! చిన్నత్త మాత్రం గుర్తుకొచ్చింది.

డెబ్బైలలో కొత్తగూడ అంటే బండరాళ్లూ జొన్నచేలూ తప్ప మరేం లేని పల్లె. మా పెదనాన్న తొడ ఎముకలో గడ్డ లేచి నడివయసైనా రాకుండానే పోయారు. పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు పాడుబెట్టాలన్నారు అయ్యగారు. పాడుబెట్టడమంటే మన తరం వాళ్లకు చెప్పాలా, పొయ్యి ఆర్పి, తలుపుకు ముళ్లకంప అడ్డం కొట్టి, ఇంటిల్లిపాదీ మరోచోటికి పోవడం. నాయన కూకట్‌పల్లిలో ఇల్లు కిరాయికి మాట్లాడారు.

అప్పటికే మా చిన్నత్త, నాయనకు చెల్లెలు, రొమ్ములో గడ్డతో అత్తవారింటి నుంచి వచ్చేసి మా ఇంట్లోనే మంచం పట్టి ఉంది. ఇక లాభం లేదని దవాఖానలో చెప్పేశారు. పాపం, ఆమె కోరిందల్లా పుట్టిన ఇంట్లోనే కన్నుమూయాలని. బండి కట్టిన పొద్దున గుమ్మం పట్టుకొని వదలలేదు. "నన్నీడనే ఉండనియ్యే అమ్మా, యాడికి వోయినా నా రోగం నాతోనే వస్తది గదనే" అని ఏడ్చింది. నాయనమ్మకు కన్నకూతురి మీద ప్రేమ లేక కాదు, మనవలం మాకేమవుతుందోనని గుండె రాయి చేసుకుంది. "ఈ ఇల్లు మనకు అచ్చిరాలే బిడ్డా, జర పిల్లల మొకం జూడు" అంటూ తనూ ఏడుస్తూనే ఆమె వేళ్లు విడదీసింది.

కూకట్‌పల్లిలో అత్తకు ఆఖరి ఘడియలు వచ్చాయని తెలియగానే, కిరాయికిచ్చిన ఇంటివాళ్లు తమ గడప లోపల ప్రాణం పోవడానికి వీల్లేదన్నారు. వాళ్లనీ ఏమనగలం, వాళ్ల ఇల్లు పాడుబెట్టాల్సి వస్తుందని వాళ్ల భయం. నాయనా, మా అమ్మా కలిసి ఆమెను చాపతో సహా ఎత్తి బయట అరుగు మీద పడుకోబెట్టారు.

ఇప్పుడు మా ఇల్లున్న చోట అద్దాల మేడ లేచింది. మా అమ్మాయికీ పరీక్ష చేయించమంటోంది డాక్టరమ్మ, ముందే తెలిస్తే ముందే పట్టుకోవచ్చట, అంతకన్నా ఏం కావాలి! కానీ రోగం ఇంట్లో కాదు, మా నెత్తురులోనే ఉందని ఆ నాలుగు మాటలు ఆనాడు నాయనమ్మకు చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయారు. చెప్పి ఉంటే మాత్రం చిన్నత్త బతికేది కాదు, నాకు తెలుసు. పరాయివాళ్ల అరుగు మీద మాత్రం పోయేది కాదు.