తిట్టని వేషం

తిరుపతిలో తాతయ్యగుంట దగ్గరి సందులో జాకెట్లు కుట్టే లోకేశ్వరికి కళ్లు గుడ్డ మీదున్నా చెవులు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీలోకి ఇరవై నాలుగ్గంటల వార్తల చానెలొకటి వచ్చి తిష్ట వేసింది. అప్పటిదాకా సాయంత్రం కాసేపు వార్తలు చెప్పి ఊరుకున్న టీవీ, ఆ ఏడాది నుంచి పొద్దస్తమానం వాగడం మొదలుపెట్టింది. పాలలో సబ్బునీళ్లు, పక్కింటివాడే హంతకుడు, సాధువు వేషంలో దొంగ. చెప్పిందే చెప్పి, ఎర్రటి అక్షరాల్లో మళ్లీ చూపించేది. పాడు పెట్టె, మనకు లేని అనుమానాలు కూడా మనకు అంటగట్టిపోతుంది.

లోకేశ్వరికి బాగానే అంటుకుంది. పాలు పోసే వరదమ్మను క్యాను మూత తీసి చూపించమంది. కొలతకు ఆది జాకెట్టు తెచ్చిన కొత్తవాళ్లను ఎవరు పంపారని ఆరా తీసింది. తలుపుకు లోపల గొలుసు బిగించింది. మొగుడు మునిప్రసాద్ రైసు మిల్లు నుంచి వచ్చి తలుపు తట్టినా, గొంతు పోల్చుకున్నాకే గొలుసు తీసేది.

ఆఖరికి ఆ అనుమానం తమ్ముడి దాకా వచ్చింది. గిరిప్రసాద్‌ది కొర్లగుంటలో సైకిలు షాపు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది లోకేశ్వరే. ఒకరోజు మబ్బు పట్టిందని, మేనకోడలు నవీనను బడి నుంచి స్కూటరెక్కించుకుని, దారిలో ఐస్ కొనిపెట్టి తీసుకొచ్చాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేది తెలిసినవాళ్లేనని ఆ మధ్యాహ్నమే టీవీలో చెప్పారు.

"నా బిడ్డను యాడికి తీసుకుపోతా ఉండావు? ఎవురితో బేరం పెట్టినావు?" అని వీధి వీధంతా వినేలా నిలదీసింది.

గిరిప్రసాద్ పిల్లను దించి వెళ్లిపోయాడు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. తప్పు చేయనివాడైతే ఎందుకు రాడని లోకేశ్వరి మునిప్రసాద్‌తో వాదించింది. వాడు లేని ఇల్లు బోసిపోయిందన్న మాట మాత్రం పైకి అనలేదు.

ఇంతలో గంగ జాతరకు చాటింపు పడింది. జాతరలో మొక్కుకున్న మగవాళ్లు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, బొగ్గు చుక్కలు పెట్టుకుని, వేపమండలతో బండ వేషంలో వీధులు తిరుగుతారు. కనపడినవాళ్లనల్లా పచ్చి బూతులు తిడతారు. ఆ తిట్లు పడితే ఏడాదంతా మేలు జరుగుతుందని నమ్మకం. బూతులు తిన్న ఇల్లాలే నవ్వుకుంటూ దోసిట్లో ఇంత బియ్యం పోసి పంపుతుంది.

ఆ పొద్దున డప్పుల వెనకాల నాలుగు వేషాలు సందులోకి వచ్చాయి. ముగ్గురు తిట్టి ముందుకు పోయారు. నాలుగోవాడు లోకేశ్వరి గడప ముందు ఆగాడు. నోరు విప్పలేదు. గొలుసు సందులోంచి ఆమెనే చూశాడు, తర్వాత వెనకున్న నవీనను చూశాడు.

తిట్టని వేషం ఎక్కడైనా ఉంటుందా? జాతరలో దొంగలు చొరబడతారని ముందురోజే ఎర్రక్షరాల్లో వేశారు. లోకేశ్వరి దొంగ, దొంగ అని కేక పెట్టింది. పక్కిళ్ల మగవాళ్లు ఉరికొచ్చి వాణ్ణి కింద పడేసి కుమ్మారు. చెమటకు, దెబ్బలకు మొహం మీది కుంకుమ చెదిరింది. ముందుగా పోల్చింది నవీనే. మామా అని ఏడుస్తూ గొలుసు పీకింది.

గిరిప్రసాద్ లేచి పెదవి తుడుచుకున్నాడు. "పోయినేడు పాపకు జొరం ముదిరినప్పుడు మొక్కుకున్నానక్కా, నీ గడపలో నిలబడి తిట్టల్లని. వచ్చినాక నిన్ను తిట్టేదానికి నోరు రాలేదు."

మొక్కు తీరకుండానే కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం టీవీ అడుగున ఎర్రక్షరాలు పరుగెత్తాయి: తిరుపతి జాతరలో వేషం కట్టిన దొంగ, చితకబాదిన జనం. లోకేశ్వరి చేతిలో కత్తెర ఆగిపోయింది. సందులో ఆ వేషంలో దొంగను చూసింది తనొక్కతే. ఇన్నాళ్లూ తను నమ్మిన దొంగలందరూ ఎవరి తమ్ముళ్లో అనిపించింది. లేచి వైరు పీకి, టీవీని అటక మీదికి ఎక్కించింది.

ఇప్పుడు సందుకు ఆమె మీద అనుమానం. కేబుల్ నడిపే గురప్ప, డబ్బు కట్టడం మానేసిందంటే ఇంకెవరి దగ్గరో దొంగ కనెక్షన్ తీసుకుందేమోనని గోడ చుట్టూ తిరిగి చూసిపోయాడు. మునిప్రసాద్ కూడా టీవీ ఎందుకు తీసేశావని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె కొర్లగుంటకు పోయి తమ్ముడి ముందు ఏడ్చింది. వాడు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, మర్యాదగా పంపించాడు. ఆ మర్యాదే ఆమెను కోసింది.

మళ్లీ జాతర వచ్చింది. లోకేశ్వరి గొలుసు ఊడదీసి, మిషను ఆపి, తలుపులు బార్లా తెరిచి కూర్చుంది. ఎన్నో వేషాలు వచ్చి తిట్టిపోయాయి. ఒక్కో గొంతూ చెవి రిక్కించి విన్నది. ఏదీ వాడిది కాదు. ఎండ నడినెత్తికి వచ్చాక ఒక వేషం గడప ముందు ఆగింది. నోరు విప్పలేదు.

"తిట్టురా గిరీ," అంది లోకేశ్వరి.

వాడు వేపమండలు పైకెత్తాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆమె నోటిని, ఆమె బుద్ధిని, ఆమె గొలుసును, అటకెక్కిన ఆ టీవీని, అన్నిటినీ కలిపి ఎత్తుకున్నాడు. పచ్చి బూతులకు అలవాటుపడ్డ సందువాళ్లే చెవులు మూసుకున్నారు. బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే, లోకేశ్వరి ఒక్క మాట పొల్లు పోకుండా విన్నది.