హెడ్‌ఫోన్‌కి ఊ కొట్టాను

ఇంటర్ అయిన వేసవి సంగతి. మాది అనంతగిరి కాఫీ తోటల మధ్య చిన్న ఊరు. ఉచిత హాస్టల్‌తో డిగ్రీ సీటు కోసం అరకులో ఇంగ్లీషు పరీక్షకి వెళ్లాను. గ్రామర్, వొకాబ్యులరీ ఎలాగో గట్టెక్కాయి. తర్వాత లిజనింగ్. హెడ్‌ఫోన్ పెట్టుకోవడం అదే మొదటిసారి. ఎవరో అమ్మాయి తన రైలు ప్రయాణం గురించి గబగబా చెబుతోంది. ఒక్క మాట జారినా సీటు పోతుందని భయం భయంగా వింటున్నాను.

భుజం మీద చెయ్యి పడింది. ఇన్విజిలేటర్! హాలంతా నన్నే చూస్తోంది.

"ఎవరికి సిగ్నల్స్ ఇస్తున్నావు? లే, బయటికి నడు!"

చెవిలో ఆ గొంతు ఆగకుండా చెప్పుకుపోతోంది. అప్పుడు తెలిసింది, ఇందాకట్నుంచీ గట్టిగా "ఊ... ఊ..." అంటున్నానని! మా ఊళ్లో ఎవరైనా చెబుతుంటే ఊ కొట్టకపోతే వాళ్లని లెక్కచెయ్యనట్టే.

"కాపీ కాదు సార్. ఆవిడ సెప్తంది కదా, ఊ కొడతన్నాను," అన్నాను ఏడుపు గొంతుతో.

ఆయన నన్ను తేరిపార చూసి, మూలన ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. మిగతాదంతా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని విన్నాను.

సీటొచ్చింది. ఇప్పటికీ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నా చెయ్యి నోటి మీదకే పోతుంది. అప్పట్లో ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు అందరూ పడీ పడీ నవ్వారు, మా నాయనమ్మ తప్ప.

"నవ్వుతారేటి? ఇది ఊ కొట్టకపోతే ఆ గుంట సెప్పడం మానేసీది కాదేటి?"